పొగ పోయిన తర్వాత: మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్

బొగ్గుల కుంపటిని ఇంట్లోకి ఎప్పుడు తెస్తారని అడిగితే పాలమూరులోనైనా, నల్లగొండలోనైనా ఒకటే జవాబు వస్తుంది: పొగ పోయిన తర్వాత. వాకిట్లో కట్టెలు రాజేసి, పొగంతా వెళ్లిపోయి బొగ్గులు కణకణలాడే దాకా ఆగి, అప్పుడు దాన్ని మంచం పక్కకు చేరుస్తారు. పొగ కళ్లు మండిస్తుంది, దగ్గు తెస్తుంది కాబట్టి అది పోతే ప్రమాదం కూడా పోయినట్టేనని తరతరాల అనుభవం చెబుతుంది. అసలు పొరపాటు ఈ లెక్కలోనే ఉంది. పొగ ఉన్న నిప్పు మనిషిని గదిలోంచి తరిమేస్తుంది, పొగ లేని నిప్పు అక్కడే పడుకోబెడుతుంది. నిప్పు లేనిదే పొగ రాదని మనకు సామెత ఉంది గానీ, పొగ రాని నిప్పు ఏం చేస్తుందో చెప్పే సామెత లేదు.

చలికాలపు రాత్రి చీకట్లో కుంపటిని కాసేపు గమనిస్తే, ఎర్రటి బొగ్గుల మీద సన్నని నీలి మంటలు నాలుకల్లా ఆడుతూ కనిపిస్తాయి. అక్కడ కాలుతున్నది కార్బన్ మోనాక్సైడే. కుంపటి అడుగు నుంచి ఎక్కే గాలిలోని ఆక్సిజన్ ముందు బొగ్గుతో కలిసి, బడి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని చదువుకున్న కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది పైనున్న ఎర్రటి బొగ్గుల సందుల్లోంచి పోయేటప్పుడు, ఆ వేడికి మరికొంత కార్బన్‌ను కలుపుకొని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. పై పొరకు వచ్చి తాజా గాలి తగిలిన చోట అది అంటుకొని నీలంగా మండుతుంది. నీలి మంట ఆడుతున్నంత సేపు ఆ విషంలో కొంతైనా కాలిపోతున్నట్టు లెక్క. బూడిద కప్పుకొని, వేడి కాస్త తగ్గి, నీలి మంట కనుమరుగైన దశలో అది కాలకుండానే గదిలోకి వచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లు తలుపు గొళ్లెం పెట్టి దుప్పటి కప్పుకొనేది కూడా సరిగ్గా ఆ వేళకే. బొగ్గుపులుసు వాయువుకు దొరికినట్టు ఈ రెండో వాయువుకు జనం నోట నలిగే తెలుగు పేరు దొరకలేదు. పేరు లేని ముప్పు గురించి ఇంట్లో పిల్లలకు చెప్పడం కూడా కష్టమే.

ఎన్ని బొగ్గులకు ఎంత ముప్పు అనేది ఊహకు వదిలేయాల్సిన విషయం కాదు. కిలో బొగ్గు కాలితే తక్కువలో తక్కువ 100 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వస్తుందనుకోవచ్చు. బొగ్గు రకాన్ని, గాలి ఆడే తీరును బట్టి అది రెట్టింపు కూడా కావచ్చు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న మామూలు పడకగదిలో దాదాపు 34 ఘనమీటర్ల గాలి పడుతుంది. పావుకిలో బొగ్గు ఆ గదిలో పూర్తిగా కాలిపోయి, లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే, గదిలో కార్బన్ మోనాక్సైడ్ 600 పీపీఎం దాటుతుంది. పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఆ వాయువు ఎన్ని పాళ్లుందో చెప్పే కొలత. 200 పీపీఎంలో రెండు మూడు గంటలుంటే తలనొప్పి మొదలవుతుంది. 800 పీపీఎంలో ముప్పావుగంటకే తల తిరిగి వాంతి వస్తుంది, రెండు గంటల్లో స్పృహ తప్పుతుంది. 1600కు చేరితే రెండు గంటల లోపే ప్రాణం పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం రోజంతా కలిపి తీసిన సగటు ఘనమీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే సుమారు మూడున్నర పీపీఎం మించకూడదు. పావుకిలో బొగ్గుకూ ఆ హద్దుకూ మధ్య ఎంత దూరముందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇలాంటి మరణాలను మన పత్రికలు ‘ఊపిరాడక మృతి’ అని రాస్తాయి. ఆ మాట వినగానే ఉక్కిరిబిక్కిరై గొంతు పట్టుకొని తలుపు వైపు పరుగెత్తే మనిషి కళ్ల ముందు మెదులుతాడు. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో అలా జరగదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఊపిరి అందడం లేదని శరీరానికి తెలిసేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. ఇక్కడ అది ప్రతి శ్వాసలో మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి ఆయాసం రాదు, మెలకువ రాదు. లోపల జరిగేది వేరు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకొనే దానికన్నా 200 నుంచి 250 రెట్లు గట్టిగా కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఈ వాయువు ఆక్రమిస్తుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లోడ్ బెర్నార్డ్ 1850లలోనే ప్రయోగాలతో అర్థం చేసుకున్నాడు. పీల్చిన గాలిలో ఆక్సిజన్ ఉన్నా దాన్ని మోయాల్సిన సీట్లన్నీ ముందే నిండిపోయిన బస్సులా రక్తం తిరుగుతుంటుంది. మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను కూడా హిమోగ్లోబిన్ కండరాలకు, మెదడుకు సులభంగా వదలదు. అందుకే మెలకువ వచ్చినవాళ్లు కూడా లేవబోయి మోకాళ్లలో సత్తువ లేక కూలబడతారు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉండి కూడా చేరుకోలేకపోవడానికి కారణం ఇదే.

మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కనిపించే లక్షణాలు మన దగ్గర రోజూ వినిపించే మాటల్లో కలిసిపోతాయి. తల పట్టేసింది, చక్కరొచ్చింది, కడుపులో తిప్పుతోంది, ఒళ్లు బరువుగా ఉంది అంటే పైత్యమనో, రాత్రి తిన్నది అరగలేదనో, చలిజ్వరమనో సరిపెట్టుకుంటారు. వేరు చేసి చూపే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఒకే గదిలో పడుకున్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి రావడం, బయటికి వచ్చి గంట కూర్చుంటే తగ్గి మళ్లీ లోపలికి పోగానే మొదలవడం, జ్వరం లేకుండానే వాంతి కావడం వాటిలో ముఖ్యమైనవి. చర్మం చెర్రీ పండులా ఎర్రబడుతుందని పుస్తకాల్లో రాసిన గుర్తు ప్రాణాలతో ఉన్నవాళ్లలో అరుదు. దాని కోసం ఎదురుచూస్తే ఆలస్యమే అవుతుంది.

కుంపటి ఈ నేలకు కొత్తది కాదు, చలి కూడా కొత్తది కాదు. మారింది ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే భవంతుల్లో, గూన పెంకుల సందుల్లోంచి వెలుతురు చారలు పడే ఇండ్లలో, తాటాకు గుడిసెల్లో నిప్పు పెట్టుకున్నప్పుడు వేడెక్కిన గాలి పైకప్పు నుంచి తనంతట తానే వెళ్లిపోయేది. వాన చినుకు, చలిగాలి లోపలికి వస్తున్నాయని ఆ ఇండ్లను తిట్టుకున్నారు గానీ, ఆ సందులే ప్రాణాలు కాపాడాయని ఎవరూ లెక్కవేయలేదు. ఇప్పుడు ఊళ్లల్లోనూ స్లాబు పడింది. అల్యూమినియం చట్రాల కిటికీలు జరిపితే సందు లేకుండా మూసుకుంటాయి. దోమల భయానికి వెంటిలేటర్లకు అట్టముక్క అడ్డం పెడతారు. ఏసీ పెట్టించుకున్న గదిలో తలుపు కింద సందుకు కూడా గుడ్డ కుక్కుతారు. పాత అలవాటు కొత్త గోడల మధ్యకు వచ్చింది, పైకప్పులోంచి గాలి పోయే దారి మాత్రం వెంట రాలేదు.

ఈ మార్పు అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది బాలింత గదికి. తల్లికీ బిడ్డకూ గాలి తగలకూడదని కిటికీలు బిగించి, మంచం పక్కనో మంచం కిందనో నిప్పుల కుంపటి పెట్టి, దాని మీద సాంబ్రాణి, వాము వేసే ఆచారం చాలా ఇండ్లలో ఇంకా ఉంది. వేడి తల్లికి మేలు చేస్తుందన్న నమ్మకం తప్పో ఒప్పో పక్కన పెడితే, ఆ గదిలో గాలి లెక్క మాత్రం కచ్చితంగా ప్రమాదకరమైనది. పసిబిడ్డ పెద్దవాళ్లకన్నా రెండు మూడింతలు వేగంగా ఊపిరి తీస్తుంది కాబట్టి అదే గాలిలోంచి విషం త్వరగా ఎక్కించుకుంటుంది. కడుపులో బిడ్డ ఉన్న గర్భిణి విషయం ఇంకా సున్నితం. పిండం రక్తంలోని హిమోగ్లోబిన్ కార్బన్ మోనాక్సైడ్‌ను తల్లి రక్తం కన్నా ఎక్కువగా పట్టుకొని, తల్లి కోలుకున్న తర్వాత కూడా ఆలస్యంగా వదులుతుంది. బిడ్డ మగతగా ఉంది, పాలు పట్టడం లేదు అంటే దిష్టి తగిలిందని ఉప్పు తిప్పే ముందు గదిలో నిప్పు ఉందా అని చూడడం మంచిది. ఆచారం మానమని చెప్పడం తేలిక, ఇంట్లో పెద్దావిడను ఒప్పించడం కాదు. గది వేడెక్కడానికి కుంపటిని తల్లి, బిడ్డ లోపల లేనప్పుడు తలుపులు తీసి కాసేపు ఉంచి, పూర్తిగా బయటికి తీసుకెళ్లి, గాలి మారిన తర్వాతే వాళ్లను లోపలికి పంపే పద్ధతికి చాలామంది నానమ్మలు, అమ్మమ్మలు అడ్డు చెప్పరు. బట్టలో చుట్టిన వేడినీళ్ల సీసా పక్కలో ఉంటే కుంపటి ఊసే రాకపోవచ్చు.

ఇల్లు అనే మాటను కొంచెం విశాలంగా తీసుకోవాలి, ఎందుకంటే పాలమూరు, నల్లగొండ వైపు చాలామంది పడుకొనేది పని చేసే చోటే. షాద్‌నగర్, జడ్చర్ల వైపు కోళ్ల ఫారాల్లో కొత్తగా దించిన పిల్లలకు మొదటి వారం 33 డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి. చలికాలంలో దాని కోసం షెడ్డు చుట్టూ పరదాలు దించి బొగ్గుల బుఖారీలో, గ్యాస్ బ్రూడర్లో వెలిగిస్తారు. రాత్రి మంట ఆరకుండా చూసే మనిషి ఆ వెచ్చదనంలోనే ఓ మూల గోనెసంచి పరుచుకొని నడుం వాలుస్తాడు. పిల్లల కోసం పైన వదలాల్సిన సందు వదిలారా లేదా అన్నదాని మీద ఆ మనిషి ప్రాణం కూడా ఆధారపడి ఉంటుంది. పాలమూరు నుంచి వలసపోయి ముంబైలో, పుణేలో, హైదరాబాద్ శివార్లలో రేకుల షెడ్లలో ఉండే కూలీలది అదే పరిస్థితి: వంట, చలిమంట, నిద్ర అన్నీ ఒకే పది అడుగుల చోట. పోచంపల్లి, పుట్టపాక వైపు నేత ఇండ్లలో రంగు నీళ్లు మరిగే పొయ్యి మగ్గం గదిని ఆనుకొని ఉంటే ఆ పొయ్యికి పొగగూడు ఉందా అన్నది కూడా ఇదే ప్రశ్న.

పట్టణాల్లో అయితే కుంపటి స్థానంలోకి గ్యాస్ గీజర్ వచ్చింది. కరెంటు బిల్లు తక్కువ, నీళ్లు వెంటనే వేడెక్కుతాయి, పెట్టించడానికి ఖర్చు పెద్దగా కాదు. ఇన్ని సౌకర్యాల మధ్య అది కూడా ఒక పొయ్యేనన్న సంగతి మరుగున పడింది. నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గీజర్ పూర్తి మంట మీద గంటకు దాదాపు కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ సరిగ్గా కాలడానికి 12 నుంచి 13 ఘనమీటర్ల గాలి కావాలి. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిలో ఉండే గాలే మొత్తం ఐదున్నర ఘనమీటర్లు. తలుపు, వెంటిలేటర్ గట్టిగా మూస్తే ఐదు నిమిషాల్లోనే ఆ గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 17 దరిదాపులకు పడిపోతుంది. సందుల్లోంచి కొంత గాలి వస్తుంది కాబట్టి అంత వేగంగా జరగకపోవచ్చు గానీ, వెళ్లే దిక్కు మాత్రం అదే. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ అరకొరగా కాలుతుంది, మంట నీలం నుంచి పసుపుకు తిరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా గీజర్ తాను వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది. స్నానానికి పోయినవాళ్లు ఎంతకీ బయటికి రాకపోవడం, తలుపు పగలగొట్టి చూస్తే పడిపోయి ఉండడం, ఫిట్స్ వచ్చాయనో గుండెపోటనో అనుకోవడం మన దేశంలో ఎంతగా జరిగాయంటే, నరాల వైద్యులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టుకున్నారు.

ఇక్కడ చాలామందిని మోసం చేసేది ముక్కు. వంటగ్యాస్‌కు సహజంగా వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. ఆ కంపుకు అలవాటైన ముక్కు, కంపు లేకపోతే ప్రమాదం లేదని తీర్మానిస్తుంది. గ్యాస్ కాలినప్పుడు ఆ కంపు కూడా కాలిపోతుంది, అరకొరగా కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. గీజర్‌ను స్నానాల గది బయట, సజ్జ కిందనో, గాలి బాగా ఆడే వరండా గోడకో బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తేవడం అన్నిటికన్నా మేలైన మార్గం. అద్దె ఇండ్లలో అది కుదరకపోతే, మన పాత బకెట్ అలవాటే కొంత రక్షణ. తలుపు తీసి ఉంచి బకెట్ నింపుకొని, గీజర్ ఆపేసి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు తలుపు వేసుకొని చెంబుతో స్నానం చేసేవాళ్లకు ముప్పు చాలా తగ్గుతుంది. షవర్ కింద నిలబడి అరగంట గీజర్ మండించే కొత్త అలవాటుతోనే చిక్కు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలనే నమ్మకం కూడా సగమే నిజం: కింద నుంచి తాజా గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ లాగడానికి గాలే ఉండదు.

జనరేటర్ గురించి ఎక్కువ చెప్పాల్సిన అవసరం లేదు. ఈదురుగాలులకు కరెంటు పోయినప్పుడు దుకాణంలో షట్టర్ సగం దించి లోపల నడిపే చిన్న పెట్రోల్ జనరేటర్, పై అంతస్తులో కాపురముండేవాళ్ల పడకగదికి మెట్ల దారిలోంచి విషాన్ని పంపగలదు. దాన్ని ఇంటికి, కిటికీలకు దూరంగా ఆరుబయట తప్ప ఎక్కడా నడపకూడదు. వ్యవసాయ బావిలో పూడిక తీయడానికి నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్‌ను బావి లోపలికే దించడం కూడా ఇలాంటి పనే. అక్కడ ఇంజన్ పొగకు ఆక్సిజన్ కొరత కూడా తోడవుతుంది కాబట్టి, పడిపోయినవాణ్ని తీయడానికి దిగిన రెండోవాడు కూడా పైకి రాలేడు.

నల్లగొండ వాసులకు కంటికి కనిపించని విషం కొత్త కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని నాలుక చెప్పలేదు, నీళ్లను పరీక్షించాకే తెలిసింది. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకోవడానికి ఏళ్లు తీసుకుంది, ఇది గంటల్లో పని ముగిస్తుంది. కానీ రెండింటికీ సూత్రం ఒకటే: ఇంద్రియాలు పట్టలేని దాన్ని పరికరమే పట్టాలి. ఒకప్పుడు బొగ్గు గనుల్లో ఆ పరికరం కానరీ పిట్ట. మనిషికన్నా వేగంగా ఊపిరి తీసే ఆ చిన్న ప్రాణి ముందుగా సోలిపోతే పనివాళ్లు బయటికి పరుగెత్తేవాళ్లు. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలను 1986లో మానేసి ఎలక్ట్రానిక్ యంత్రాలు పెట్టారు. యంత్రం లేని ఇంట్లో మాత్రం ముందుగా సోలిపోయేది ఇప్పటికీ ఇంట్లో అందరికన్నా చిన్న ప్రాణమే.

మన దగ్గర డిటెక్టర్ కొనే వాళ్లలో చాలామంది కొనేది వేరే దాన్ని. స్టవ్ కింద పెట్టుకొనే గ్యాస్ లీక్ అలారం కాలని వంటగ్యాస్‌ను పసిగడుతుంది. ఆ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు. ఆఫీసుల్లో, హోటళ్లలో పైకప్పుకు కనిపించే పొగ అలారం పొగ రేణువులను పసిగడుతుంది. ఎర్రగా కణకణలాడే కుంపటికి ఈ రెండూ మూగవే. కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా అమ్ముతారు. మన దేశంలో ఇండ్లకు దీన్ని తప్పనిసరి చేయలేదు కాబట్టి ఊళ్లోని ఎలక్ట్రికల్ షాపులో అడిగితే దొరకకపోవచ్చు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి, గ్యాస్ వంట స్టవ్‌లను మినహాయించి, గ్యాస్‌తో గానీ మరో ఇంధనంతో గానీ నడిచే బిగించిన పరికరం ఉన్న ప్రతి అద్దె గదిలో దీన్ని ఇంటి యజమానే పెట్టాలి. మన నగరాల్లో గీజర్ బిగించి అద్దెకిచ్చే యజమానులకు అలాంటి నియమం వస్తే మొదట గీజరే బయటికి పోతుందనిపిస్తుంది.

మంచి అలారం లోపల ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉంటుంది. చిన్న గదిలాంటి దాని లోపల ఎలక్ట్రోడ్ మీద కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా మారినప్పుడు పుట్టే అతి స్వల్పమైన కరెంటును అది కొలుస్తుంది, వాయువు ఎక్కువైతే కరెంటు ఎక్కువవుతుంది. డబ్బా మీద యూరప్ ప్రమాణమైన ఈఎన్ 50291 గానీ, అమెరికా ప్రమాణమైన యూఎల్ 2034 గానీ ఉందో లేదో చూడాలి. అవేవీ లేకుండా తెర మీద అంకెలు మాత్రం చూపే చౌక పరికరాన్ని నమ్మి నిద్రపోవడం కన్నా అది లేకపోవడమే నయం, కనీసం కిటికీ అయినా తీసి ఉంచుతారు. ఈ ప్రమాణాల్లో అలారం మోగే సమయం మోతాదును బట్టి మారుతుంది. యూరప్ ప్రమాణం ప్రకారం 50 పీపీఎం ఉంటే 60 నుంచి 90 నిమిషాల మధ్య, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల మధ్య, 300 ఉంటే 3 నిమిషాల లోపు మోగాలి. అమెరికా ప్రమాణంలో 70 పీపీఎంకు గంట నుంచి నాలుగు గంటల వరకు, 400కు 4 నుంచి 15 నిమిషాల వరకు గడువుంది. రక్తంలో విషం ఎక్కడానికి పట్టే సమయాన్ని దృష్టిలో పెట్టుకొని ఇలా లెక్కకట్టారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ప్రాణం కాపాడడానికి వేసిన లెక్కలివి. గర్భిణికి, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అంతకన్నా తక్కువ మోతాదు కూడా కీడు చేయగలదు కాబట్టి, అలారం మోగలేదంటే అంతా బాగుందని కాదు.

ఎక్కడ బిగించాలన్నది మన ఇండ్లలో కాస్త తికమక పెట్టే విషయం. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలితో సమానం, కొంచెం తేలిక. అది నేలకు దిగదు, గదంతా కలిసిపోతుంది. పడుకొనే గదిలో అయితే మంచం మీద తల ఎత్తున, పొయ్యి ఉన్న గదిలో అయితే పొయ్యికి కనీసం ఒక మీటరు దూరంలో పైకప్పుకు దగ్గరగా ఉంచుతారు. సీలింగ్ ఫ్యాన్ గాలి సూటిగా కొట్టే చోట, కిటికీ పక్కన, బీరువా వెనక, పరదా చాటున పెట్టకూడదు. ఆవిరి తగిలే స్నానాల గదిలో అసలే పెట్టకూడదు. అంటే గీజర్ సమస్యకు అలారం పరిష్కారం కాదు, గీజర్‌ను బయటికి మార్చడమే పరిష్కారం. ఇక ఎండ. చాలా అలారాలు 40 డిగ్రీల వరకే సరిగ్గా పనిచేస్తాయని వాటి కాగితాల్లోనే రాసి ఉంటుంది. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు, రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. ఆ వేడికి సెన్సర్ లోపలి తడి ఆరిపోయి ఆయుష్షు తగ్గవచ్చు కాబట్టి రేకుకు ఆనించకుండా గోడకు తగిలించడం మేలు. మరో చిక్కు ఇన్వర్టర్‌తో వస్తుంది. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌ను ఈ సెన్సర్లు కార్బన్ మోనాక్సైడ్ అని పొరబడతాయి. మెట్ల కింద ఇన్వర్టర్, దాని పైనే అలారం ఉన్న ఇంట్లో అది ఊరికే మోగి మోగి, చివరికి విసుగొచ్చి ఎవరో దాని సెల్స్ పీకేస్తారు. పరీక్షించే మీట నొక్కితే మోగేది సైరన్, సెల్స్ బాగున్నాయని మాత్రమే. సెన్సర్ బతికి ఉందా లేదా అన్నది ఆ మీట చెప్పదు. వెనకవైపు రాసిన గడువు, సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు, దాటితే కొత్తది కొనాలి.

ఆసుపత్రిలో కూడా ఒక యంత్రం మోసం చేస్తుందని తెలిసి ఉండాలి. కరోనా కాలంలో చాలా ఇండ్లకు చేరిన పల్స్ ఆక్సీమీటర్‌ను ఈ విషం ఎక్కినవాళ్ల వేలికి పెడితే 98 అనో 99 అనో చూపిస్తుంది. అది వేలిలోకి రెండు రకాల వెలుతురు పంపి రక్తం రంగును బట్టి లెక్కవేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఆ వెలుతురుకు ఆక్సిజన్ పట్టుకున్నదానిలాగే ఎర్రగా కనిపిస్తుంది. ఆక్సిజన్ బాగుందని తిరిగి ఇంటికి పంపకుండా ఉండాలంటే, గదిలో కుంపటి ఉందనో, గీజర్ నడిచిందనో వెంట వచ్చినవాళ్లు డాక్టర్‌కు నోరు విడిచి చెప్పాలి. అప్పుడే రక్తంలో ఆ వాయువు శాతాన్ని విడిగా కొలిచే కో-ఆక్సీమెట్రీ పరీక్ష గుర్తుకొస్తుంది. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. మాస్కు బిగించి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. 108లో ఎక్కించగానే ఆక్సిజన్ పెట్టమని అడగడానికి కారణం ఈ తేడాయే. తేరుకున్నవాళ్లలో కొందరికి రోజుల తర్వాత, ఒక్కోసారి నెల దాటాక, మతిమరుపు, నడకలో తడబాటు, స్వభావంలో మార్పు కనిపించవచ్చు. లేచి కూర్చుని చాయ్ తాగారని ఇంటికి తెచ్చేసి ఆ సంగతి మరిచిపోతే ఈ రెండో దెబ్బకు కారణం ఎవరికీ తోచదు.

అలారం మోగినప్పుడు మొదటి పని దాన్ని ఆపడం కాదు, అందరినీ లేపి బయటికి నడిపించడం. దారిలో చేతికి అందిన తలుపులు, కిటికీలు తీస్తూ పోవాలి గానీ, కుంపటి ఎక్కడుందో వెతుకుతూ లోపలే ఉండిపోకూడదు. లేవలేనివాళ్లను ఈడ్చుకొచ్చి ఆరుబయట పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గదిలో నీళ్ల బకెట్ పెడితే విషగాలిని పీల్చుకుంటుందని కొందరు నమ్ముతారు. ఈ వాయువు నీళ్లలో దాదాపు కరగదు. తలుపులు తీశాక కాసేపటికి అలారం తనంతట తానే ఆగిపోతుంది. అది ఆగింది తాజా గాలి వచ్చినందుకు, నిప్పు ఆరినందుకు కాదు. గాలి బాగా మారిన తర్వాత, ఊపిరి బిగబట్టి లోపలికి పోయి కుంపటిని వాకిట్లోకి తెచ్చి, మీద మట్టి పోసి, అడుగున ఒక్క నిప్పు కూడా మిగలలేదని పుల్లతో కెలికి చూసిన తర్వాతే ఆ రాత్రి మళ్లీ ఎవరైనా లోపల పడుకోవచ్చు.